మావయ్యగారు బిగించిన ట్రాంబోన్

ఆ ఉదయం తాతబాబు పెట్టుకున్న పనులు మూడు. హార్బరుకి వెళ్ళి బోటులో నీరు చేరిందేమో చూడటం, ఇంటికొచ్చి ట్రాంబోన్‌కి నూనె రాయడం, దేవీప్రసాద్ మీద కోపం తెచ్చుకోవడం. మూడోది మంచం దిగకముందే అయిపోయింది.

అవి వేట ఆపేసిన రోజులు. చేపలు గుడ్లు పెట్టుకునే కాలమని సర్కారు సముద్రానికి సెలవిచ్చింది. బోట్లన్నీ జెట్టీకి తాళ్ళతో కట్టేసి, కొట్టంలో పశువుల్లా ఒకదాన్నొకటి రాసుకుంటూ నిలబడ్డాయి. సముద్రానికి సెలవు, పెళ్ళిళ్ళకి సీజను ఒకేసారి వస్తాయి కాబట్టి హార్బరులో ఊపిరున్న ప్రతివాడూ ఆ రెండు నెలలూ భీమశంకరరావు మేస్టారి బ్యాండులో తేలతాడు. ఐస్ ప్లాంటులో దిమ్మలు పగలగొట్టే చేతులు డ్రమ్ములు కొడతాయి. వలలు లాగే చేతులు తాళాలు వేస్తాయి. బోటు ఇంజను నడిపే తాతబాబు ట్రాంబోన్ ఊదుతాడు, ముందు వరసలో.

ఆ ముందు వరస ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. ట్రాంబోన్‌కి ఒక పొడవాటి గొట్టం ఉంటుంది. ముందుకు తోస్తే బారెడు దూరం వెళుతుంది, వెనక్కి లాగితే తిరిగొస్తుంది. ఆ బాజా పట్టినవాడిని వెనక వరసలో పెడితే అతని ముందున్నవాడి బుర్ర రోజురోజుకీ చదునవుతుంది. తాతబాబు తండ్రి కాలంలో ఒకసారి వరస మార్చి చూశారు. ఆనాటి క్లారినెట్ అతనికి ఇవాళ్టికీ ఏ టోపీ సరిపోదు.

తాతబాబుకి జీవితంలో ముందు నిలబడే చోటు అదొక్కటే. బోటులో అతని చోటు వెనక ఇంజను గదిలో. ఇల్లు సందులో చిట్టచివరిది. చివరికి తన రిజిస్టరు పెళ్ళి ఫొటోలో కూడా సాక్షి భుజం వెనకనుంచి సగం మొహమే పడింది. అలాంటివాడి మీదికి సాక్సాఫోన్ పట్టుకుని దేవీప్రసాద్ వచ్చిపడ్డాడు. "ఆ లాగుడు బూరని సివరికి పంపీయండి మేస్టారూ. నా సాక్సాఫోను ముందుంటే బ్యాండుకే అందం," అని నెల రోజులుగా మేస్టారి చెవిలో ఊదుతున్నాడు. సాక్సాఫోన్‌లో ఊదింది తక్కువ, చెవిలో ఊదింది ఎక్కువ. ఆ పోరు పడలేక మేస్టారు, "కూర్మన్నపాలెం పెళ్ళి ఊరేగింపులో ఇద్దర్నీ సూత్తాను. సీజనంతా ముందు వరస ఎవడిదో ఆ రోజే సెప్తాను," అన్నాడు. ఆ ఊరేగింపు ఇవాళే.

హార్బరు నుంచి తిరిగొచ్చి గుమ్మంలో కాలు పెట్టగానే తాతబాబుకి ఏదో తేడా తగిలింది. పుట్టిన్నాటి నుంచి మూలిగే తలుపు మూలగలేదు. కూర్చోగానే ఒక పక్కకి ఒరిగే కుర్చీ ఒరగలేదు. గోడ గడియారం కూడా భయపడుతున్నట్టు నెమ్మదిగా కొట్టుకుంటోంది. ఇల్లంతా ఊపిరి బిగపట్టినట్టుంది.

కారణం వరండాలో కూర్చుని పానా తుడుచుకుంటోంది. పేరు శ్రీరామ్మూర్తి. తాతబాబు భార్య హిమబిందు కన్నతండ్రి. జీవితమంతా ఉక్కు ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేసి రిటైరై, కూర్మన్నపాలెంలో సొంత ఇల్లు కట్టుకున్న మనిషి. కూతురు అచ్యుతాపురం కంపెనీలో పనికి వెళ్ళి, అక్కడే కొన్నాళ్ళు పనిచేసిన హార్బరు కుర్రాణ్ణి పెళ్ళాడిందని ఇన్నేళ్ళూ ఈ గుమ్మం తొక్కలేదు. నిన్న సాయంత్రం ఉన్నట్టుండి తొక్కాడు. రాత్రి హిమబిందు మొగుడికి ఒకే ఒక్క మాట చెప్పింది. "మా నాన్న మీద నీ నోరు లెగిసిందంటే, ఆయన ఎనకాలే నానూ ఎల్లిపోతాను."

శ్రీరామ్మూర్తికి ఒక గుణం ఉంది. కదిలేది ఏది కనిపించినా బిగించాలి. ఫ్యాక్టరీలో అన్నేళ్ళూ ఆయన పని అదే. వదులుగా ఉన్నది ప్రమాదం, బిగిసి ఉన్నది క్షేమం. రిటైరయ్యాక కూర్మన్నపాలెంలో బిగించడానికి ఏమీ మిగల్లేదు. వాళ్ళ వీధిలో తలుపులు తెరవాలంటే ఇద్దరు మనుషులు కావాలి.

"రండల్లుడు గారూ," అన్నాడాయన ఆప్యాయంగా. "మీ బాజా బాగు సేసీసాను."

తాతబాబు కుర్చీలోంచి లేచాడు. "దానికేటైంది మావయ్య గారూ?"

"ఏటైందంటారేటి. ఇరిగిపోయున్నాది. ఇలగ ఎత్తగానే కింద గొట్టం జారి నా కాలు మీద పడిపోనాది. పైగా దానికి బటన్లు ఒక్కటీ లేవు. మంచం కింద ఎతికాను, బీరువా కింద ఎతికాను. మీ సందులో గుంటలెవరో పీకీసుంటారు. నా అల్లుడు ఇరిగిపోయిన బాజా ఊదాడంటే కూర్మన్నపాలెంలో నా మొకం ఎక్కడెట్టుకుంటాను?"

ట్రాంబోన్ బల్ల మీద ఉంది. మెరుస్తోంది. పక్కనున్న బోటు రిపేరు షెడ్డు నుంచి బ్లో లాంపు తెచ్చి, గొట్టం గొట్టంలోకి దూరే చోటల్లా ఆయన టంకం పోశాడు. అతుకు ఎక్కడుందో కనిపించనంత నున్నగా అరగదీశాడు. తాతబాబు గొట్టం పట్టుకుని లాగాడు. ట్రాంబోన్ మొత్తం వచ్చింది. ఇంకాస్త గట్టిగా లాగాడు. బల్ల కూడా వచ్చేలా ఉంది.

"లెవెలెట్టి మరీ సూసాను," అన్నాడు శ్రీరామ్మూర్తి. "ఏనుగు లాగినా రాదు. కింద స్ప్రింగు మూత కన్నమొకటున్నాది, నీళ్ళు లీకవతన్నాయి. అదీ మూసీసాను. బటన్లు లేకపోతే బోసిగా ఉందని మూడు నట్లు ఎట్టీసాను. స్టెయిన్‌లెస్సు. మీరు పోయినా తుప్పట్టవు."

నిజమే. గొట్టం పైన మూడు నట్లు, చెల్లెళ్ళలా వరసగా, తళతళలాడుతున్నాయి.

తాతబాబు కడుపులోంచి ఒక అరుపు బయల్దేరింది. అది ఛాతీ దాటి, గొంతు దాటి, నాలుక మీదికి వచ్చేసరికి వంటింటి గుమ్మంలో హిమబిందు గరిటె పట్టుకుని కనిపించింది. అరుపు అక్కడికక్కడ బ్రేకు వేసుకుని పళ్ళ మధ్యనుంచి వేరే వేషంలో బయటికొచ్చింది.

"చాలా గట్టిగా ఉంది మావయ్య గారూ."

"గట్టిగా ఉండాల మరి," అన్నాడాయన సంతృప్తిగా.

తాతబాబు గబగబా పెరట్లోకి వెళ్ళాడు. అక్కడ ఒక నీళ్ళ డ్రమ్ము ఉంటుంది. వంకర నేల మీద ఎప్పుడూ ఊగుతుంటుంది. ఇంట్లో చూపలేని కోపాన్ని దానికి చూపించడం అతని అలవాటు. తంతే అది దొర్లి, సందు చివరిదాకా చప్పుడు చేసి, తాతబాబుకి కోపం వచ్చిందన్న సంగతి అందరికీ పద్ధతిగా తెలియజేసేది. ఆ రోజూ పూర్తి బలంతో తన్నాడు. డ్రమ్ము కదల్లేదు. చప్పుడు మాత్రం వచ్చింది, కాలి బొటనవేలు నుంచి.

"దాన్ని నేలకి బోల్టులేసీసానల్లుడు గారూ," అని కిటికీలోంచి వినిపించింది. "ఊగతంది."

కుంటుకుంటూ వచ్చి ట్రాంబోన్ నోటికి పెట్టుకున్నాడు. ఊదాడు. స పలికింది. ప పలికింది. పై స, ఆపైన ఒక గ పలికాయి. అంతే. గొట్టం కదలని ట్రాంబోన్‌కి, ఊపిరి బిగువును బట్టి పలికే ఆ నాలుగు మెట్లే దిక్కు. మెట్ల మధ్యనున్న స్వరాలన్నీ గొట్టం ప్రయాణంలో ఉంటాయి. అవన్నీ ఇప్పుడు టంకం కింద సమాధి అయ్యాయి. బయట బ్యాండు వ్యాను హారన్ కొట్టింది. బ్లో లాంపు ఇచ్చిన షెడ్డు వాడు తాళం వేసుకుని అత్తారింటికి పోయాడు. తాతబాబు ట్రాంబోన్‌ని చంకలో ఇరికించుకుని వ్యానెక్కాడు. ఆ మొహం చూసి పక్కవాడు అడక్కుండానే జరిగి చోటిచ్చాడు.

వ్యాను గాజువాక దాటకముందే దేవీప్రసాద్ కళ్ళు నట్ల మీద పడ్డాయి.

"ఏటి బావా, దీనికి బటన్లొచ్చినాయి?"

"కొత్త మోడలు."

"అయితే ఇంక లాగక్కర్లేదన్న మాట." దేవీప్రసాద్ మేస్టారి వైపు తిరిగాడు. "ఇన్నారా మేస్టారూ? లాగక్కర్లేదంట. లాగనప్పుడు ముందు వరసెందుకు? ఎనక నిలబడి నొక్కుకుంటాడు."

తాతబాబుకి ఒళ్ళు మండింది. ఆ మంటలోనే అసలు ప్రమాదం కూడా కనిపించింది. ముందు వరస వచ్చిందే గొట్టం కదులుతుందని. అది కదలదని తెలిసిన మరుక్షణం తన చోటు పోతుంది.

"లాగాల," అన్నాడు.

"మరి బటన్లో?"

"నొక్కాల. నొక్కి లాగాల. లాగి నొక్కాల. నీలాగ కూకుని మూతలు ముయ్యడం కాదురా ఇది. నోరు మూసుకో."

భీమశంకరరావు మేస్టారు ముందు సీటులోంచి తిరగకుండానే, "తాతా, ఇయాల తేడా వచ్చిందంటే సీజనంతా సివరి వరసే. ముందే సెప్తన్నాను," అన్నాడు.

కూర్మన్నపాలెంలో విడిది దగ్గర పెళ్ళికొడుకు కారెక్కి కూర్చున్నాడు. జంక్షన్ దాటితే కల్యాణ మండపం. మధ్యాహ్నం ముహూర్తం. బ్యాండు ముందు చీర కొంగు నడుముకి దోపి పెళ్ళికొడుకు మేనత్త కాంతం నిలబడింది. ఆ చుట్టుపక్కల ఏ ఊరేగింపు జరిగినా ముందు ఆవిడ ఆడాలి, తర్వాత మిగతావాళ్ళు. ఒకసారి ఆవిడకి కబురు పెట్టకుండా ఊరేగింపు చేసినవాళ్ళకి పిల్లలు పుట్టినా, ఆ పిల్లలకి డాన్సు రాలేదు.

ఊరేగింపు జంక్షన్ నడిమధ్యకి చేరగానే మేస్టారు చెయ్యెత్తాడు. పాట మొదలైంది. తాతబాబు ట్రాంబోన్ నోటికి పెట్టుకుని, గొట్టం పట్టుకున్న చేతిని ఆనవాయితీగా ముందుకు తోశాడు. గొట్టం ముందుకు వెళ్ళింది. దాంతోపాటు ట్రాంబోన్ మొత్తం వెళ్ళింది. పెదాలు ఇక్కడ, బాజా అక్కడ.

వెనకనుంచి దేవీప్రసాద్ చూస్తున్నాడు. ఆలోచించే వ్యవధి లేదు. బాజా ముందుకి వెళ్ళినప్పుడల్లా తనూ దాని వెంట వెళ్ళడం తప్ప తాతబాబుకి మార్గం కనిపించలేదు. చెయ్యి చాచాడు, బాజాతో పాటు రెండడుగులు ముందుకి దూకాడు. చెయ్యి ముడిచాడు, రెండడుగులు వెనక్కి గెంతాడు. వాచిన బొటనవేలు నేలకి తగిలిన ప్రతిసారీ నడుము ఒక పక్కకి విరిగి, మోకాలు ఆకాశానికి లేచింది. మధ్యమధ్య కోపం ఆపుకోలేక మూడు నట్లనీ కసిగా నొక్కాడు. దూరం నుంచి చూసినవాడికి ఇదంతా చాలా కష్టపడి నేర్చుకున్న విద్యలా ఉంది.

భీమశంకరరావు బ్యాండులో ఒక కట్టుబాటుంది. డ్రమ్ముల హోరులో మాట వినపడదు కాబట్టి, ముందు వరస ఎలా అడుగేస్తే వెనక వరసలు అలాగే వెయ్యాలి. ఎందుకని అడగకూడదు. వెనకటికి ముందు వరసవాడు ఒకడు మురిక్కాలవలో దిగబడితే, బ్యాండు మొత్తం వరసగా కాలవలో దిగి, అవతలి గట్టెక్కి పాట పూర్తి చేసింది. ఆ కట్టుబాటు ప్రకారం ఇప్పుడు బ్యాండంతా రెండడుగులు ముందుకు దూకింది, రెండడుగులు వెనక్కి గెంతింది, ఒక పక్కకి విరిగి మోకాలు లేపింది. పెద్ద డ్రమ్ము వాడు సహా. వాడి మోకాలు లేవడం అదే మొదటిసారి.

కాంతం ఒక్క క్షణం చూసింది. ఆవిడ ముఖం వెలిగిపోయింది. "ఓలమ్మ, కొత్త స్టెప్పే," అని రెండడుగులు ముందుకీ రెండడుగులు వెనక్కీ వేసి, నడుము విరిచింది. ఆవిడ వెనక ఆడపడుచులు, వాళ్ళ వెనక తోడికోడళ్ళు, ఆ వెనక పెళ్ళికొడుకు స్నేహితులు అందుకున్నారు.

రెండు ముందుకి, రెండు వెనక్కి. లెక్కలు వచ్చినవాళ్ళెవరూ ఆ ఊరేగింపులో లేనందువల్ల, ఊరేగింపు ఎక్కడికీ వెళ్ళడం లేదన్న సంగతి చాలాసేపటిదాకా ఎవరికీ తట్టలేదు. అది సరిగ్గా జంక్షన్ నడిమధ్యే నాటుకుపోయింది.

ముందు ఆటోలు ఆగాయి. ఆటోల వెనక లారీలు, లారీల వెనక ఉక్కు ఫ్యాక్టరీలో మధ్యాహ్నం బి షిఫ్టుకి మనుషుల్ని తీసుకెళ్ళే బస్సు ఆగాయి. బస్సులోవాళ్ళకి కోపం వచ్చింది. హారన్లు కొట్టించారు. హారన్లు బ్యాండులో భాగమనుకుని కాంతానికి ఇంకా హుషారొచ్చింది. మండపం నుంచి ఆడపెళ్ళివారు కోపంగా ఫోను చేశారు. కార్లో పెళ్ళికొడుకు కోపంగా ఎత్తాడు. ట్రాఫిక్ కానిస్టేబుల్ విజిల్ ఊదుతూ వచ్చి, అందరి మీదా కోప్పడి, బ్యాండు ముందుకి దూకినప్పుడు తప్పుకోవడానికి వెనక్కి గెంతి, వెనక్కి గెంతినప్పుడు పట్టుకోవడానికి ముందుకి దూకి, తనకి తెలియకుండానే స్టెప్పులో కలిసిపోయాడు. కూర్మన్నపాలెం జంక్షన్‌లో ఆ మధ్యాహ్నం ఎండకంటే కోపం వేడిగా ఉంది.

అందరికంటే ఎక్కువ కోపంగా ఉన్నవాడు మాత్రం ఊదుతూనే ఉన్నాడు. కానీ ట్రాంబోన్‌లో కొత్త రోగం మొదలైంది. ఊదేవాడి ఊపిరిలోని తడి చల్లబడి గొట్టంలో నీరవుతుంది. ఆ నీరు వదలడానికే కింద స్ప్రింగు మూత ఉంటుంది. మావయ్యగారు లీకనుకుని మూసింది దాన్నే. ఇప్పుడు నీరంతా అడుగున చేరి స, ప, గ ల స్థానంలో గుడగుడగుడ అనడం మొదలుపెట్టింది. రోడ్డు పక్క హోటల్లో భోంచేస్తున్నవాళ్ళు తమ బల్ల కింద పైపు పగిలిందేమోనని వంగి చూశారు.

మేస్టారు పాట ఆపించాడు. వరస ముందుకొచ్చి నిలబడ్డాడు. ఆయన మీసం కూడా వణుకుతోంది.

"ఏటి సేత్తన్నావురా తాతా?"

తాతబాబు నోరు తెరిచేలోగా జనంలోంచి ఒక గర్వమైన గొంతు వినిపించింది. "అడ్డు తప్పుకోండి. ఆడు మా అల్లుడు. ఆ బాజా రిపేరు నానే సేసాను."

వ్యాను వెనకే బస్సెక్కి వచ్చిన శ్రీరామ్మూర్తి, తన పాత ఫ్యాక్టరీ మిత్రుల్ని వెంటేసుకుని నిలబడ్డాడు. ఇన్నేళ్ళలో నలుగురిలో 'మా అల్లుడు' అనడం ఆయనకి అదే మొదలు. చాలా తప్పు సమయంలో అన్నాడు.

"రిపేరా?" అన్నాడు మేస్టారు.

"రిపేరా?" అన్నాడు దేవీప్రసాద్, ఇంకా తియ్యగా. వచ్చి గొట్టం పట్టుకుని లాగి చూశాడు. "మేస్టారూ, ఇది కదల్నే కదలదు. పొద్దున్నుంచీ ఈడే కదులుతున్నాడు."

తాతబాబు పొద్దుటి నుంచి మింగిన కోపాలన్నీ ఒక్కసారి లెక్కకొచ్చాయి. తలుపు, కుర్చీ, డ్రమ్ము, బొటనవేలు, నట్లు. మావయ్యగారి వైపు తిరిగాడు. గొంతు జంక్షన్ అవతలి బస్సుదాకా వినిపించింది. మర్యాద మాత్రం ఎక్కడా తప్పలేదు, ఎందుకంటే ఆ కూర్మన్నపాలెంలో హిమబిందుకి మాట మోసే చుట్టాలు వీధికి నలుగురున్నారు.

"మావయ్య గారూ, తమరికి దణ్ణం ఎడతాను, వినండి. క్లారినెట్టుకి కన్నాలుంటాయండి. ఏ కన్నం మూస్తే ఏ స్వరమో అది సేసినోడే సెప్పీసాడు. ట్రంపెట్టుకి మూడు బటన్లండి. నొక్కితే ఒకటి, వదిలితే ఇంకోటి. ఈ దేవీప్రసాద్ గాడి సాక్సాఫోనుకి ఒళ్ళంతా మూతలే. ఆడు నిద్దరోతా నొక్కినా ఏదో ఒకటి పలుకుతాది. దీనికేటున్నాది మావయ్య గారూ? ఏటీ లేదు. బటను లేదు, కన్నం లేదు, గీత లేదు, గురుతు లేదు. గొట్టం ఎక్కడాపాలో నా సెయ్యికి తెలవాల. సరిగ్గా ఆపానో లేదో నా సెవికి తెలవాల. బెత్తెడు అటైనా ఇటైనా పరువు పోద్ది. మా అయ్య నా మోచెయ్యి పట్టుకుని పదేళ్ళు నేర్పాడండి ఇది. ఇంత బ్యాండులో కదిలేది ఇదొక్కటే. ఇదొక్కటే కదలాల. ఇంకేటీ కదలక్కర్లేదు. తమరు ఎతికి ఎతికి దీన్నే అతికించీసారు. తమరు సల్లగా ఉండాల."

 కారు డ్రైవరు ఇంజను ఆపేశాడు. శ్రీరామ్మూర్తి వంగి గొట్టం వైపు చూశాడు. తర్వాత, ఫ్యాక్టరీలో పెద్ద యంత్రం ఆగినప్పుడు చూసే చూపుతో, తలాడించాడు.

"అంటే, గొట్టంలో గొట్టం. కావాలనే వదులు." ఆగాడు. "ముందే సెప్పాల కదల్లుడు గారూ. రాత్రంతా నాతో ఒక్క మాటైనా మాటాడితే గదా తెలుత్తాది."

 నిజంగానే రాత్రంతా తాతబాబు 'భోంచెయ్యండి', 'పడుకోండి' తప్ప ఇంకో మాట అనలేదు. ఆ సంగతి గుర్తొచ్చి ఇంకా కోపం వచ్చింది.

ఆ తర్వాత పనంతా ఫ్యాక్టరీ పద్ధతిలో జరిగింది. పక్కనున్న టీ బడ్డీ పొయ్యి మీంచి పాల గిన్నె దింపించి, శ్రీరామ్మూర్తి ట్రాంబోన్ అతుకుల్ని మంట మీద పెట్టించాడు. టంకం మెత్తబడగానే, "ఇప్పుడు లాగండి," అన్నాడు. తడిగుడ్డలు చుట్టి అటు తాతబాబు, ఇటు ఆయన పట్టుకున్నారు. రాలేదు. ఏనుగు లాగినా రాదన్నది ఆయన ఊరికే అన్న మాట కాదు. తాతబాబు నడుము పట్టుకుని మేస్టారు, మేస్టారి నడుము పట్టుకుని దేవీప్రసాద్, అతని వెనక బ్యాండంతా లాగారు. ఇటు ఆయన మిత్రులు సరిపోక, షిఫ్టు పోతోందని పళ్ళు నూరుతున్న బస్సు జనం దిగి, ఉన్న కోపమంతా చేతుల్లోకి తెచ్చుకుని పట్టుకున్నారు. కాంతం మధ్యలో నిలబడి, "రెండు ముందుకి, రెండు ఎనక్కి," అని లయ చెప్పింది.

మూడో లాగుకి వచ్చింది. గొట్టంలోని నీరు పన్నీరులా లేచి, ఏమైందో చూద్దామని కారు దిగిన పెళ్ళికొడుకు మీద పడింది. నట్లు మూడూ మూడు దిక్కులకి పోయాయి. అటు పట్టుకున్నవాళ్ళు అటు పక్క, ఇటు పట్టుకున్నవాళ్ళు ఇటు పక్క వరసగా పడ్డారు. పడ్డాక తెలిసింది, మధ్యలో రోడ్డు ఖాళీ అయిందని. ఆటోలు, లారీలు చకచకా దాటిపోయాయి. బస్సూ వెళ్ళింది. అందులో ఎక్కాల్సినవాళ్ళలో సగం మంది ఇంకా రోడ్డు పక్కన లేచి దులుపుకుంటున్నారు. ట్రాఫిక్ తానే క్లియర్ చేసినట్టు కానిస్టేబుల్ వాకీటాకీలో చెప్పుకున్నాడు.

ముహూర్తానికి మండపం చేరారు. తాతబాబు గొట్టం ముందుకు తోసి, వెనక్కి లాగి, పొద్దుటి నుంచి సమాధిలో ఉన్న స్వరాలన్నిటినీ ఒక్కొక్కటిగా లేపాడు. బంధువులు భోజనాలు ఆపి విన్నారు. పప్పు వడ్డించేవాడు కూడా ఆగాడు. ముందు వరస తనదేనని తాతబాబుకి అప్పుడు పూర్తిగా నమ్మకం కుదిరింది. కోపం కూడా కొంచెం దిగింది.

బంతి దగ్గర మేస్టారు నోట్లో లడ్డూ పెట్టుకుని తీర్పు చెప్పాడు.

"కాంతమ్మ గారికి ఆ స్టెప్పు తెగ నచ్చీసింది. రేపు ఆళ్ళ ఆడపడుచు ఇంట్లో ఊరేగింపుకి మనల్నే రమ్మన్నారు. ఆ స్టెప్పే కావాలంట. అంచేత ముందు వరస దేవీప్రసాద్."

"నాదీ స్టెప్పు," అన్నాడు తాతబాబు.

"నీదేరా. కానీ నీ కాలు కుంటి. ఆడి మోకాళ్ళు బాగున్నాయి. పైగా నీ గొట్టం మళ్ళీ కదులుతోంది. రెండు ముందుకి దూకుతా నువ్వు దాన్ని తోసావంటే కాంతమ్మ గారి పళ్ళు రాల్తాయి. నువ్వు సివరి వరస."

గొట్టం కదలనంతసేపూ కదలదని ముందు వరస పోబోయింది. కదిలాక కదులుతుందని పోయింది. తాతబాబు విస్తరి ముందు నుంచి లేచిపోయాడు. తిన్నగా ఇంటికొచ్చాడు. పెరట్లోకి వెళ్ళి డ్రమ్ము వైపు ఒక చూపు చూసి, బొటనవేలు గుర్తొచ్చి, తిరిగొచ్చేశాడు. కోపం పెట్టుకోవడానికి ఇంట్లో వదులుగా ఉన్న వస్తువు ఒక్కటీ మిగల్లేదు.

సాయంత్రం గుమ్మంలో దేవీప్రసాద్ ప్రత్యక్షమయ్యాడు, సాక్సాఫోన్ చంకలో పెట్టుకుని, మొహం నిండా ముందు వరస పెట్టుకుని.

"బావా, మనసులో ఏటీ ఎట్టుకోకు. ఇయాల పడినప్పుడు దీని మూతొకటి వంగిపోనాది. సరిగ్గా మూసుకోట్లేదు. మీ మావయ్య గారు పనిమంతులంట గదా. రేపు పొద్దున్న వ్యానెక్కేలోగా సూసి ఎడతారేటి?"

ఆ రాత్రికీ కూతురింటికే తిరిగొచ్చిన శ్రీరామ్మూర్తి వరండాలోంచి లేచొచ్చాడు. సాక్సాఫోన్‌ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. ఒక మూత నొక్కాడు, లేచింది. ఇంకోటి నొక్కాడు, అదీ లేచింది. ఒళ్ళంతా వేలితో తడుముతూ పోయాడు. ఆయన కళ్ళలో జాలి కనిపించింది.

"బాబూ, ఒకటి కాదు. ఇయన్నీ లూజే."

"మీకు తెలీందేటుందండి. మీ సిత్తం," అన్నాడు దేవీప్రసాద్ వినయంగా.

శ్రీరామ్మూర్తి అల్లుడి వైపు తిరిగాడు. ఒకసారి తప్పు చేసినవాడు కనక ఈసారి అడిగి చెయ్యాలనుకున్నాడు. "అల్లుడు గారూ, బ్యాండులో కదిలేది ట్రాంబోన్ ఒక్కటే అన్నారు కదా?"

హిమబిందు వంటింట్లోంచి తొంగిచూసింది. మొగుడి మొహంలో పొద్దుటి నుంచి లేని ప్రశాంతత చూసి ఆవిడకి కొంచెం భయమేసింది.

"అవును మావయ్య గారూ," అన్నాడు తాతబాబు. "అదొక్కటే."

"ఇంకేటీ కదలక్కర్లేదు?"

"అక్కర్లేదండి. మీరు దగ్గరుండి సూసుకోండి. షెడ్డోడు వచ్చీసుంటాడు, నాను ఎల్లి బ్లో లాంపు తెత్తాను." గుమ్మం దాటబోతూ ఆగి, దేవీప్రసాద్ భుజం తట్టాడు. "ఇంటికెల్లి నిద్దరో బావా. మావయ్య గారు సేతిలో పడ్డాక ఇంక నువ్వు సూసుకోవాల్సిందేటీ ఉండదు."

మర్నాడు ఊరేగింపులో ముందు వరసలో తాతబాబు నిలబడ్డాడు. దేవీప్రసాద్ సాక్సాఫోన్ కూడా చివరి వరసలో వచ్చింది, మూతలన్నీ టంకం కింద. ఎక్కడా లీకు లేదు.